ఆ జాబితా చెప్పేదెంత, చెప్పనిదెంత?

న్యూజెర్సీ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాం.

ఆమెకు ముప్పై ఆరేళ్లు, మందుల కంపెనీలో ఉద్యోగం. భర్త సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. తొమ్మిదేళ్ల పాప, ఐదేళ్ల బాబు. ఏళ్ల తరబడి అపార్ట్‌మెంట్లలో ఉండి, ఈ మధ్యే మిడిల్‌సెక్స్ కౌంటీలో సొంత ఇల్లు కొనుక్కుని గృహప్రవేశం చేశారు. రాజమండ్రి నుంచి అత్తగారు వచ్చి ఉన్నారు. స్కూలు బస్సు దగ్గర పరిచయమైన ఒకామె "లైంగిక నేరస్థుల రిజిస్ట్రీ చూశారా?" అని అడిగితే ఆ రాత్రి ఫోనులో వెతికారు. తమ వరుసలోనే ఆరిళ్ల అవతల ఉండే యాభై దాటిన మనిషి ఫోటో, చిరునామా, కారు నంబరు కనిపించాయి. టియర్ 2 అని ఉంది. 2009లో శిక్ష పడింది, బాధితురాలు పదమూడేళ్ల అమ్మాయి.

అప్పటి నుంచి కిటికీ తెరలు తీయడం లేదు, పిల్లలను పెరట్లోకి పంపడం లేదు. ఇల్లమ్మిన బ్రోకరు తెలిసీ మోసం చేశాడని, కేసు వేసి, ఇల్లు అమ్మేసి వెళ్లిపోదామని భర్త అంటున్నారు. డాలస్ దగ్గర ఉండే చెల్లెలు "మా చుట్టుపక్కల డజన్ల కొద్దీ కనిపిస్తున్నారు, నీకు ఒక్కడేగా" అంటోంది. అత్తగారు ఆ పేజీని ఫోటో తీసి, "పిల్లల్ని ఎత్తుకుపోయేవాడు మా వీధిలో ఉన్నాడు, అందరూ కలిసి వెళ్లగొట్టాలి" అని రాసి ఊళ్లోని తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. సంతకాలు సేకరిద్దామని కొందరు ముందుకొచ్చారు. మన దేశంలో ఇలాంటి జాబితా ఉందా అని కూడా అత్తగారు అడుగుతున్నారట.

ఉత్తరం చివర ఇలా ఉంది: "ఇప్పుడు ఎవరినీ నమ్మబుద్ధి కావడం లేదు. పాపకు కీబోర్డు నేర్పే బాబాయిని తప్ప ఎవరినీ ఇంట్లోకి రానివ్వడం లేదు. ఆయన మా వారికి దూరపు తమ్ముడి వరుస, రెండేళ్ల క్రితం హెచ్1బి మీద వచ్చాడు. ఆయన పేరు కూడా వెతికాను. ఏమీ రాలేదు, హమ్మయ్య అనుకున్నాను. బేస్‌మెంట్‌లో తలుపు వేసుకుని శ్రద్ధగా చెబుతాడు. పాపే ఈ మధ్య క్లాసు వద్దని పేచీ పెడుతోంది, బద్ధకం. ఇల్లు అమ్మాలా, ఉండాలా? చెప్పండి."

జవాబు:

అమ్మా, ముందు ఆ పేజీ సంగతి చూద్దాం. అర్ధరాత్రి ఫోనులో చూసిన దాన్ని పగటిపూట మీరిద్దరూ కూర్చుని, కంప్యూటర్ మీద, ప్రతి గడీ చదవండి. ఏ నేరం, ఏ సంవత్సరం, ఏ వయసు బాధితురాలు, ఎలా జరిగిందన్న రెండు మూడు వాక్యాలు, ఫోటో ఎప్పటిది అన్నీ అందులో ఉంటాయి. అతను పరిచయం పెంచుకుని ఆ పిల్లకు దగ్గరయ్యాడా, దారిలో పట్టుకున్నాడా అన్నది తేలితే, మీ పిల్లలకు నేర్పవలసిన జాగ్రత్త ఏమిటో తెలుస్తుంది. ఫోటో, పేరు ఒక్కటే చూస్తే భయం తప్ప ఏమీ మిగలదు.

ఈ జాబితా పుట్టింది మీ రాష్ట్రంలో జరిగిన ఘోరం నుంచే. 1994 జులైలో హామిల్టన్ టౌన్‌షిప్‌లో మేగన్ కాంకా అనే ఏడేళ్ల పాపను ఎదురింట్లో ఉండే మనిషి చంపాడు. పిల్లలపై నేరాలకు అతనికి అంతకుముందే రెండుసార్లు శిక్ష పడింది. ఆ సంగతి పాప తల్లిదండ్రులకు తెలియదు. తెలిసి ఉంటే మా బిడ్డ బతికేదని వారు పట్టుబట్టడంతో మూడు నెలల్లోనే న్యూజెర్సీ చట్టం చేసింది, దాన్నే మేగన్ చట్టం అంటారు. 1996లో ఫెడరల్ ప్రభుత్వం ఇలాంటి సమాచారాన్ని ప్రజలకు తెలపాలని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ఆ తల్లిదండ్రుల పేరు మీద ఎవరూ తేలిగ్గా మాట్లాడకూడదు. అయితే వారు అడిగింది పొరుగున ఎవరున్నారో తెలియాలని. తెలిశాక ఏం చేయాలన్నది చట్టం చెప్పదు, అది మనమే తేల్చుకోవాలి.

మీ రాష్ట్రంలో శిక్ష పడి నమోదైన వారిని కౌంటీ ప్రాసిక్యూటర్, అంటే కౌంటీలో ప్రభుత్వం తరఫున కేసులు నడిపే అధికారి, మూడు మెట్లుగా (టియర్లుగా) విడదీస్తారు. నేరం తీవ్రత, బాధితుల వయసు, పాత చరిత్ర, చికిత్సకు స్పందన వంటి అంశాలకు మార్కులు వేస్తారు. ఆ నిర్ణయాన్ని నమోదైన వ్యక్తి కోర్టులో సవాలు చేయవచ్చు. మళ్లీ నేరం చేసే అవకాశం తక్కువ అనుకున్నవారు టియర్ 1. వారి సంగతి పోలీసులకు మాత్రమే తెలుస్తుంది. టియర్ 2 అంటే మధ్యస్థం. అతను ఎదురుపడే అవకాశమున్న బడులకు, పిల్లల సంరక్షణ కేంద్రాలకు, వేసవి శిబిరాలకు సమాచారం వెళుతుంది. టియర్ 3 అయితే పోలీసులు ఇంటింటికీ వచ్చి చెబుతారు. 2000లో ఓటర్లు రాజ్యాంగ సవరణకు ఒప్పుకున్నాక ఇంటర్నెట్‌లోనూ పెట్టడం మొదలైంది. అక్కడ కనిపించేది ముఖ్యంగా టియర్ 3 వారు, టియర్ 2లో కొందరు.

ఆ "కొందరు" దగ్గర ఒక్క నిమిషం ఆగండి. టియర్ 2లో ఉన్న వ్యక్తి చేసిన ఒకే ఒక్క నేరం తన ఇంట్లోని పిల్ల మీదే అయితే, మామూలుగా అతని పేరు ఇంటర్నెట్‌లో పెట్టరు. తండ్రి పేరు పెడితే బిడ్డ ఎవరో ఊరంతటికీ తెలిసిపోతుందని ఆ ఏర్పాటు. బాధితుల వైపు నుంచి చూస్తే అది న్యాయమే. కానీ దాని ఫలితం ఏమిటో గమనించండి. ఇంట్లో జరిగే నేరాల్లో చాలా భాగం మీరు వెతికే పటంలో కనిపించనే కనిపించదు.

మీ చెల్లెలి లెక్క తప్పడానికీ ఇలాంటి కారణమే. టెక్సాస్‌లో తక్కువ ప్రమాదం అని తేల్చినవారు కూడా రాష్ట్ర ప్రజా భద్రతా విభాగం వెబ్‌సైటులో ఫోటోతో సహా కనిపిస్తారు. న్యూజెర్సీలో వారు మామూలుగా కనిపించరు. అక్కడ ముప్పై చుక్కలు, ఇక్కడ ఒక్క చుక్క ఉన్నంత మాత్రాన మీ ఊరు భద్రమనీ వాళ్ల ఊరు కాదనీ కాదు. ఏ రాష్ట్రం ఎంతమందిని బయటికి చూపిస్తుందన్నదే తేడా. అన్ని రాష్ట్రాల జాబితాలనూ ఒకేచోట వెతికే జాతీయ వెబ్‌సైటు ఉంది, దాన్ని న్యాయశాఖ నడుపుతోంది. అది కూడా ఆయా రాష్ట్రాలు బయటపెట్టినంతే చూపిస్తుంది. పొరుగు రాష్ట్రాల సంగతి తెలుసుకోవాలంటే మాత్రం అదే మేలు.

ఇక మీవారి కోపం. ఇల్లు కొన్నప్పుడు సంతకం చేసిన ఒప్పంద పత్రం బయటికి తీయండి. న్యూజెర్సీలో వాడుకలో ఉన్న ఒప్పందాల్లో మేగన్ చట్టం గురించి ఒక పేరా ఉంటుంది. నేరస్థుల ఉనికిని ఎవరికి, ఎలా తెలపాలో కౌంటీ ప్రాసిక్యూటర్ నిర్ణయిస్తారని, బ్రోకర్లకు ఆ సమాచారం పొందే హక్కు లేదని, కావాలంటే ఇల్లు స్వాధీనమయ్యాక ప్రాసిక్యూటర్‌నే అడగవచ్చని అందులో రాసి ఉంటుంది. ఆ కట్టలో మనలో ఎవరూ చదవని పేజీల్లో అదొకటి. బ్రోకరు మీద కేసు వేయాలనుకుంటే ముందు ఆ పేజీ తీసుకుని లాయరు దగ్గరకు వెళ్లమనండి. నాకు మాత్రం ఆ దారిలో డబ్బు, నిద్ర రెండూ పోవడమే కనిపిస్తోంది.

ఆ అతన్ని వీధిలోంచి పంపించేయడానికి సంతకాలు సేకరించడం కూడా అక్కరకు రాదు. బడికి ఇన్ని అడుగుల దూరంలోపు ఉండకూడదని మీ రాష్ట్రంలో కొన్ని ఊళ్లు చేసుకున్న నిబంధనలను 2009లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు చెల్లవని తేల్చింది. శిక్ష ముగిసి, నమోదు నియమాలు పాటిస్తున్నంత వరకు అతనికి ఆ ఇంట్లో ఉండే హక్కు ఉంది. మీకు చేతనైనది, చేయవలసినది మరొకటి ఉంది. మీ ఊరి పోలీసు స్టేషనుకు ఫోను చేసి, ఆ చిరునామా ఇప్పటికీ సరైనదేనా, అతను పెరోల్ పర్యవేక్షణలో ఉన్నాడా, మీకు చెప్పదగిన నియమాలు ఏమైనా ఉన్నాయా అని అడగండి. చెప్పగలిగినంత చెబుతారు. అనుమానం కలిగించేది ఏదైనా చూస్తే ఎవరికి చెప్పాలో కూడా తెలుస్తుంది.

వాట్సాప్ సందేశం మాత్రం ఈ రోజే తీయించండి. ప్రభుత్వం బయటపెట్టిన పేజీని పదిమందికి చూపించడం ఒక ఎత్తు. దానికి "ఎత్తుకుపోయేవాడు" అని లేని నేరం అంటగట్టి, "వెళ్లగొట్టాలి" అని పిలుపునివ్వడం వేరు. ఆ మాట చదివి ఏ కుర్రవాడో వెళ్లి అతని కారు అద్దం పగలగొడితే? ఆ సమాచారాన్ని వాడుకుని నేరానికి పాల్పడితే దానికి విడిగా శిక్ష ఉందని మీ రాష్ట్ర చట్టమే చెబుతోంది. అత్తగారు సందర్శక వీసా మీద ఉన్నారు, పోలీసు వ్యవహారం ఆవిడ మెడకు చుట్టుకోవడం ఎవరికీ మంచిది కాదు. మీరు చెబితే కోడలు తప్పు పట్టిందనుకుంటారు, మీవారితో చెప్పించండి. "అమ్మా, నువ్వు పిల్లల కోసమే పెట్టావు, కానీ ఆ మాట నిజం కాదు" అని కొడుకు అంటే ఆవిడ తీసేస్తారు. తీశాక గ్రూపులో ఒక్క ముక్క రాస్తే చాలు: "పొరపాటున రాసిన వివరాలు తొలగించాం. రిజిస్ట్రీ ఎవరైనా స్వయంగా చూసుకోవచ్చు."

ఆవిడ అడిగిన ప్రశ్నకు జవాబు: మన దేశంలోనూ ఉంది, కానీ మనకు కనబడదు. కేంద్ర హోంశాఖ 2018 సెప్టెంబరులో లైంగిక నేరస్థుల జాతీయ డేటాబేస్ మొదలుపెట్టింది. దాన్ని జాతీయ నేర గణాంకాల బ్యూరో నడుపుతోంది, ప్రారంభించిన రోజుకే నాలుగు లక్షలకు పైగా నమోదులున్నాయి. చూసే అధికారం పోలీసు, దర్యాప్తు సంస్థలకే. రాజమండ్రిలో కూర్చుని వీధిలో ఎవరున్నారో వెతకడం కుదరదు. ఇది మీకు ఇంకో రకంగా పనికొస్తుంది. ఈ మధ్యే భారత్ నుంచి వచ్చిన మనిషి పేరు న్యూజెర్సీ వెబ్‌సైటులో కొట్టి, ఏమీ రాలేదంటే, అతను ఇక్కడున్న ఆ కొద్దికాలంలో ఇక్కడి జాబితాకు ఎక్కలేదని మాత్రమే అర్థం.

కీబోర్డు క్లాసు గురించి మీరు రాసిన ఆ నాలుగైదు వాక్యాల కోసమే నేను ఇంత త్వరగా జవాబు రాస్తున్నాను.

ఆ అబ్బాయి తప్పు చేశాడని నేను అనడం లేదు. నాకు తెలియదు, మీకూ తెలియదు. తొమ్మిదేళ్ల పిల్ల సంగీతం క్లాసు వద్దనడానికి వంద కారణాలుంటాయి. కానీ మీరు ఆరిళ్ల అవతలి మనిషి కోసం కిటికీలు మూసి, ఇంటి లోపల తలుపు వేసిన గదిలో ఒక పెద్ద మనిషితో పాపను ఒంటరిగా కూర్చోబెడుతున్నారు. ఆ ఏర్పాటుకు జాబితాలో పేరు లేకపోవడాన్ని హామీగా తీసుకున్నారు. ఆ జాబితాలోకి ఎక్కాలంటే ముందు ఒక బిడ్డ నోరు విప్పాలి, ఇంట్లోవాళ్లు నమ్మాలి, పోలీసుల దాకా వెళ్లాలి, కేసు నిలబడాలి, శిక్ష పడాలి. అమెరికా న్యాయశాఖ గణాంక విభాగం 2000లో ప్రచురించిన నివేదిక ప్రకారం, పోలీసుల దాకా వెళ్లిన కేసుల్లో పద్దెనిమిదేళ్లలోపు బాధితులపై నేరం చేసినవారిలో దాదాపు 93 శాతం బంధువులు, తెలిసినవారే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మనవాళ్లు ఊరికే అనలేదు.

మరో రెండు సంగతులు కూడా తెలుసుకోండి. 2005లో జైలు నుంచి విడుదలైన లైంగిక నేరస్థులను తొమ్మిదేళ్లు గమనించిన ఫెడరల్ నివేదికలో, మళ్లీ అత్యాచారం, లైంగిక దాడి కేసుల్లో అరెస్టయినవారు ఎనిమిది శాతం లోపే. బయటపడని నేరాలు ఆ లెక్కలోకి రావు కాబట్టి దాన్ని చూసి నిర్లక్ష్యం వద్దు. మీ రాష్ట్రంలోనే 2008లో వచ్చిన ఒక అధ్యయనం, ఈ చట్టం వల్ల లైంగిక నేరాలు మళ్లీ చేయడం తగ్గిందనడానికి ఆధారం కనబడలేదని చెప్పింది. జాబితా చూడండి, తప్పులేదు. మీ పిల్లల చుట్టూ ఎవరు ఎలా మెలుగుతున్నారో చూసే పనిని మాత్రం దానికి అప్పగించకండి.

క్లాసు విషయంలో మీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి, కీబోర్డును ఈ వారమే పైకి, హాల్లోకి తెప్పించడం. "ఇకనుంచి క్లాసు ఇక్కడే, మేము కూడా వింటాం" అంటే చాలు, కారణం చెప్పనక్కర్లేదు. మామూలు మనిషి అయితే సరేనంటాడు. తలుపు మూసిన గదే కావాలని పట్టుబడితే అది మీకు తెలియవలసిన సంగతే. రెండోది, కొన్నాళ్లు క్లాసు ఆపేయడం. ఆయన నొచ్చుకోవచ్చు, మీవారి వైపు వాళ్లు ఫోను చేసి అడగవచ్చు. నేనైతే రెండోదే చేస్తాను, ఎందుకంటే పాప వద్దంటోంది. తన మాటకు ఇంట్లో విలువ ఉందని పిల్లకు ముందు తెలిస్తేనే ఆ తర్వాత అసలు మాట చెబుతుంది.

పాపతో మాట్లాడేది మీరే. అత్తగారు వినే చోట వద్దు, ఎదురుగా కూర్చోబెట్టి వద్దు. కారులో వెళుతున్నప్పుడో, జడ వేస్తున్నప్పుడో. "బాబాయి నిన్ను ముట్టుకున్నాడా?" అని అడగకండి. జవాబు మీరే అందించినట్లవుతుంది, భయపడితే లేదంటుంది. "క్లాసులో నీకు నచ్చనిది ఏమిటి?" అని అడిగి ఊరుకోండి. వేళ్లు నొప్పి పుడుతున్నాయనవచ్చు, పాటలు విసుగనవచ్చు, తిడతాడనవచ్చు. ఏమీ చెప్పకపోవచ్చు కూడా. అప్పుడు, ఎవరైనా సరే, బంధువైనా, టీచరైనా, "అమ్మకు చెప్పకు" అన్న మాట ఏదైనా అమ్మకే ముందు చెప్పాలని, చెబితే కోప్పడనని ఆమెతో అనండి. బాబుకు కూడా చెప్పండి. ఆరిళ్ల అవతలి మనిషి విషయంలోనూ పిల్లలకు కావలసింది ఇదే. అతని ఫోటో చూపించి హడలగొట్టే కన్నా, అడగకుండా ఎవరింటికీ వెళ్లకూడదు, ఎవరి కారూ ఎక్కకూడదు అన్న నియమం పెట్టి, మీరు చూస్తుండగా పెరట్లో ఆడుకోనివ్వండి.

ఒకవేళ జరగకూడనిది ఏదైనా జరిగిందని పాప చెప్పిందనుకోండి. "నువ్వు చెప్పి మంచి పని చేశావు" అని మాత్రం అనండి. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి, అది నిలబెట్టుకోలేరు. మళ్లీ మళ్లీ గుచ్చి అడగకండి, అలా అడగడంలో శిక్షణ పొందినవారు ఉంటారు. ఆ అబ్బాయిని పిలిచి నిలదీయకండి. పోలీసులకు గానీ, రాష్ట్ర పిల్లల రక్షణ విభాగం లైనుకు గానీ ఫోను చేయండి. నంబరు 1-877-652-2873, రాత్రీ పగలూ పనిచేస్తుంది. న్యూజెర్సీలో బిడ్డపై అఘాయిత్యం జరిగిందని నమ్మడానికి తగిన కారణం కనబడితే తెలపడం డాక్టర్లు, టీచర్లకే కాదు, ప్రతి ఒక్కరికీ చట్టపరమైన బాధ్యత. రుజువులు మీరు తేనక్కర్లేదు, వీసా పత్రాలు చూపించనక్కర్లేదు. మంచి ఉద్దేశంతో చెప్పినవారికి చట్టం రక్షణ ఇస్తుంది.

అప్పుడు ఇంట్లో ఒక మాట తప్పకుండా వస్తుంది: "వాడి వీసా పోతుంది, బతుకు పాడైపోతుంది, మనలో మనం తేల్చుకుందాం." పిల్లలపై లైంగిక నేరం రుజువైతే పౌరులు కానివారిని దేశం నుంచి పంపించేస్తారన్నది నిజమే. రుజువు కాకపోతే ఆ శిక్ష పడదు. అది తేల్చవలసింది విచారణ, మీరు చేసిన ఫోను కాదు. మనలో మనం తేల్చుకున్నప్పుడు జరిగేదేమిటంటే ఆ మనిషి మరో ఇంట్లో మరో పిల్లకు కీబోర్డు నేర్పుతాడు, ఆ తల్లి కూడా పేరు వెతికి ఏమీ రాలేదని ఊపిరి పీల్చుకుంటుంది. ఈ సంగతి మీవారితో ఇప్పుడే, ఏమీ తేలకముందే మాట్లాడి ఉంచుకోండి. తేలాక మాట్లాడటం చాలా కష్టం.

ఇల్లు అమ్మడం గురించి చివరకు వస్తున్నాను, ఎందుకంటే అది అంత తొందర విషయం కాదు. ఇప్పుడే అమ్మితే బ్రోకరు కమీషను, బదిలీ రుసుము, మళ్లీ కొనే ఖర్చు మీదే. కొత్త చోట పటంలో చుక్క లేకపోవచ్చు, కానీ టియర్ 1 మనిషి పక్కింట్లోనే ఉన్నా మీకు తెలియదు. ఉండిపోతే, ఆ ఇంటి ముందు నుంచి వెళ్లినప్పుడల్లా గుండె దడదడలాడటం కొంతకాలం తప్పదు. పోలీసులతో మాట్లాడాక, పిల్లలకు నియమాలు అలవాటయ్యాక కూడా ఆ దడ తగ్గకపోతే, ఒక బడి సంవత్సరం గడిచాక అమ్మకం గురించి ఆలోచించండి. భయంతో బతకడానికి ఎవరూ ఇల్లు కొనుక్కోరు, అది కూడా అమ్మడానికి సరైన కారణమే. కీబోర్డు మాత్రం వచ్చే క్లాసు లోపలే పైకి రావాలి. పాపతో మాట్లాడాక మళ్లీ రాయండి.